జాగ్వార్ డి-టైప్

జాగ్వార్ డి-టైప్ అనునది ఇంగ్లాండులోని కోవెంట్రీ నగరానికి చెందిన జాగ్వార్ సంస్థ 1954లో రూపొందించిన పందెపు కారు. ఫ్రాన్సు దేశంలో జరిగే లె మాన్ 24 గంటల పందెంలో 1955, 1956, 1957 సంవత్సరాలలో వరుసగా ఈ కార్లే గెలుపొందాయి. విమాన నిర్మాణ పద్ధతులను అనుసరించిన దేహము, డిస్క్ బ్రేకులు దీని ముఖ్య విశేషాలు. అయితే దీని తొలి లె మాన్ విజయం, 80 మందికి పైగా మరణించిన ఘోర ప్రమాదం జరిగిన పందెంలోనే లభించినది.

పందెం తీరు

లె మాన్ పందెం 1923లో ప్రారంభమైనది. ఇందులో గమ్యాన్ని ముందుగా చేరుట ప్రధానం కాదు. 24 గంటలలో ఎక్కువ దూరం ప్రయాణించిన కారే విజేత. నంద్యాల జిల్లాలోని మహానంది వంటి క్షేత్రాల ఉత్సవాలలో జరిగే బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ నియమం సులభంగా బోధపడుతుంది. అక్కడ కూడా నిర్ణీత సమయంలో బండను ఎక్కువ దూరం లాగిన ఎడ్ల జతకే బహుమతి. కనుక ఇటువంటి పందెంలో వేగంతో పాటు ఓర్పు, తక్కువ ఇంధన వ్యయం, అలసిపోని బ్రేకులు కూడా అవసరం. 1950లలో ఒక్కొక్క కారును ఇద్దరు చోదకులు వంతులవారీగా నడిపేవారు.

నిర్మాణం

డి-టైప్ దేహాన్ని మాల్కమ్ సేయర్ రూపొందించాడు. ఈయన అంతకు ముందు బ్రిస్టల్ విమాన నిర్మాణ సంస్థలో పనిచేశాడు. గాలి నిరోధాన్ని గణితం ద్వారా లెక్కించి ఆకారాన్ని నిర్ణయించుట ఈయన పద్ధతి. కారు మధ్యభాగానికి వేరుగా చట్రం లేదు. రేకులతో చేసిన గుల్లవంటి దేహమే బరువును మోస్తుంది. దీనిని మోనోకాక్ నిర్మాణం అంటారు. ఇంధనాన్ని విమానాలలో వలె రబ్బరు సంచులలో నింపేవారు. ఇంజను అడుగున ఉండే నూనె తొట్టిని తొలగించి, నూనెను వేరొక ట్యాంకులో ఉంచుట వలన ఇంజను ఎత్తు తగ్గినది. చోదకుని తల వెనుక నిలువుగా ఉండే రెక్క, అధిక వేగంలో కారు పక్కలకు ఊగకుండా కాపాడేది.

ఇంజను 6 సిలిండర్లు, 3.4 లీటర్ల పరిమాణం గలది. డన్‌లప్ సంస్థ తయారుచేసిన డిస్క్ బ్రేకులు నాలుగు చక్రాలకూ అమర్చారు. డ్రమ్ము బ్రేకులలో పుట్టిన వేడి లోపలే నిలిచిపోయి, బ్రేకు పట్టు క్రమంగా సడలుతుంది. డిస్క్ బ్రేకులలో పళ్లెం గాలికి తెరచి ఉండుట వలన వేడి త్వరగా పోతుంది. 1953లో జాగ్వార్ సి-టైప్ కారు ఈ బ్రేకులతోనే లె మాన్ గెలిచినది.

1954లో డి-టైప్ తొలిసారి లె మాన్‌లో పాల్గొని, ఫెరారీ కారు కంటే సుమారు 4 కిలోమీటర్లు మాత్రమే వెనుకబడి ద్వితీయ స్థానం పొందినది.

1955 దుర్ఘటన

1955 జూన్ 11న పందెం మొదలైన రెండున్నర గంటలలోపే ప్రమాదం జరిగినది. డి-టైప్ నడుపుతున్న మైక్ హాథార్న్, లాన్స్ మాక్లిన్ నడుపుతున్న ఆస్టిన్-హీలీ కారును దాటి, ఇంధనం నింపుకొనే స్థలం (పిట్) వైపు తిరిగి బ్రేకు వేశాడు. మాక్లిన్ ఢీకొనకుండా ఎడమకు తప్పుకున్నాడు. వెనుక అధిక వేగంతో వస్తున్న పియర్ లెవెగ్ మెర్సిడెస్ కారు మాక్లిన్ కారును తాకి గాలిలోకి లేచినది. దాని శకలాలు ప్రేక్షకుల మధ్య పడ్డాయి. లెవెగ్‌తో సహా 80 మందికి పైగా మరణించారు.

జనం ఒక్కసారిగా వెళ్లిపోతే దారులు నిండి సహాయ వాహనాలకు ఆటంకం కలుగుతుందని నిర్వాహకులు పందెం ఆపలేదు. అప్పటికి ముందున్న మెర్సిడెస్ జట్టు అర్ధరాత్రి దాటిన తరువాత వైదొలగినది. జాగ్వార్‌ను కూడా వైదొలగవలసిందిగా కోరినా ఆ సంస్థ అంగీకరించలేదు. మరునాడు హాథార్న్, ఐవర్ బ్యూబ్ జంట గెలుపొందినది. జాగ్వార్ అధిపతి విలియం లయన్స్ ఏకైక కుమారుడు ఆ పందేనికి కారులో వస్తూ దారిలోనే ప్రమాదంలో మరణించాడు.

ఫ్రెంచి ప్రభుత్వ విచారణ ఏ చోదకుని పైనా నేరం మోపలేదు. పెరిగిన కార్ల వేగానికి పాత పందెపు బాట తగదని తేలినది. తరువాత పిట్ల వద్ద బాటను, ప్రేక్షకుల స్థలాలను మార్చి నిర్మించారు. స్విట్జర్లాండు సర్క్యూట్ పందేలను దశాబ్దాలపాటు నిషేధించినది.

తరువాతి చరిత్ర

1956లో స్కాట్లాండుకు చెందిన ఎక్యూరీ ఎకోస్ జట్టు డి-టైప్‌తో విజయం సాధించినది. ఆ ఏడాది చివర జాగ్వార్ స్వంత జట్టును విరమించుకున్నది. 1957 ఫిబ్రవరి 12న బ్రౌన్స్ లేన్ కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదంలో, డి-టైప్‌ను రహదారికి అనువుగా మార్చి తయారుచేసిన ఎక్స్‌కేఎస్ఎస్ కార్లు 9 కాలిపోయాయి. అయినను అదే సంవత్సరం లె మాన్‌లో డి-టైప్ కార్లు మొదటి నాలుగు స్థానాలు, ఆరవ స్థానం పొందాయి. 1958లో ఇంజను పరిమాణం 3 లీటర్లకు పరిమితం చేయుటతో దీని ప్రాభవం ముగిసినది.

సేయర్ పద్ధతులు 1961 నాటి ఈ-టైప్ కారుకు పునాది అయ్యాయి. 2008లో జాగ్వార్ సంస్థను భారతదేశానికి చెందిన టాటా మోటార్స్ కొనుగోలు చేసినది. 1956లో గెలిచిన కారు 2016 వేలంలో 2 కోట్ల డాలర్లకు పైగా ధర పలికినది. పందెపు బాటలో పరీక్షకు నిలిచిన డిస్క్ బ్రేకులు మాత్రం నేడు సామాన్యుల కార్లలోను, మోటారు సైకిళ్లలోను కనిపిస్తాయి.