ఓటమి ఎవరి పద్దులో రాయాలి?

జట్టు వరుసగా ఓడుతున్నప్పుడు జవాబు చెప్పుకోవలసి వచ్చేది చాలాసార్లు బంతిని తాకని మనిషే. మైదానంలో పదకొండు మంది ఆడిన ఆటకు గీత అవతల నిలబడిన కోచ్ బాధ్యుడవుతాడు. అతనికి ఉద్వాసన పలకాలని అభిమానుల్లో ఒక వర్గం పట్టుబడితే, మరో వర్గం అతన్ని వెనకేసుకొస్తుంది. ఈ రెండు పక్షాల వాదనల్లోనూ ఆటకు సంబంధించిన అంశాలు ఎన్ని ఉంటాయో, అభిమానుల మనసుకు సంబంధించినవీ అన్నే ఉంటాయి. గెలుపోటముల పట్టిక ఎంత నిజం చెబుతుంది, ఎంత దాస్తుంది అన్న ప్రశ్నకు హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రలోనూ, తెలుగువారి కబడ్డీ జట్టు అనుభవంలోనూ తగినన్ని ఆధారాలు దొరుకుతాయి.

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో కోచ్ అనే పదవి విడిగా కనిపించేది తక్కువ. బడిలో పీఈటీ సారు, కళాశాలలో పీడీ సారుగా పిలిచే ఫిజికల్ డైరెక్టరే కబడ్డీకీ, ఖోఖోకూ, వాలీబాల్‌కూ, ఫుట్‌బాల్‌కూ శిక్షకుడు. జట్టును ఎంపిక చేసేదీ, ప్రయాణానికి వెంట తీసుకువెళ్లేదీ, గాయపడిన పిల్లవాణ్ని ఆసుపత్రిలో చూపించేదీ ఆయనే. కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడేదాకా రెండు జిల్లాల కళాశాలలూ వరంగల్ కేంద్రంగా ఉన్న కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోనే పోటీపడేవి. బొగ్గు గనుల ప్రాంతంలో సింగరేణి సంస్థకు చెందిన వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ఏరియాల మధ్య పోటీలు పెడుతుంది కనుక, గోదావరిఖని, మంచిర్యాల వైపు ఆటను చూసేవారిలో ఒకప్పుడు ఆడినవారు చాలామంది ఉంటారు. ఆడినవాడి తీర్పు, ఆడనివాడి తీర్పు ఒకటి కావు. ఈ తేడా ముందు ముందు మరింత స్పష్టపడుతుంది.

ఓడుతున్న కళాశాల కోచ్ భవితవ్యం ఒక రాష్ట్రమంతటికీ చర్చనీయాంశం కావడం అమెరికాలో కనిపిస్తుంది. అక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతపట్టి పరుగెత్తే ఆట. విశ్వవిద్యాలయాల జట్ల మధ్య జరిగే ఆ పోటీలకు లక్షకు చేరువైన ప్రేక్షకులు వస్తారు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు సొంత మైదానంలో 1962 నుంచి ప్రతి మ్యాచ్‌కూ టికెట్లన్నీ అమ్ముడవుతూనే ఉన్నాయి. 1997లో ఆ జట్టు జాతీయ విజేతగా నిలిచినప్పుడు ముందుండి నడిపించిన ఆటగాడు స్కాట్ ఫ్రాస్ట్ 2018లో కోచ్‌గా తిరిగి వచ్చాడు. ఊరి బిడ్డ అన్న అభిమానం అతనికి పెట్టుబడి అయింది. 2021లో జట్టు పన్నెండింట తొమ్మిది మ్యాచులు ఓడినా ఒక్క ఓటమిలోనూ తేడా పది పాయింట్లకు చేరలేదు కనుక, జట్టు బాగుపడే దారిలోనే ఉందని సమర్థకులు వాదించారు. విశ్వవిద్యాలయం జీతం తగ్గించి మరో అవకాశం ఇచ్చింది. 2022 సెప్టెంబరులో, 47 మ్యాచుల్లో 16 మాత్రమే గెలిచిన దశలో, అతన్ని తొలగించింది. స్వల్ప తేడాతో ఓడడం ఒకటి రెండుసార్లయితే దురదృష్టం కావచ్చు. ఏడాది పొడవునా చివరి నిమిషాల్లోనే ఆట చేజారుతుంటే అది శిక్షణలోని లోపమేనన్న విమర్శకుల మాటకే అక్కడ బలం చేకూరింది.

అదే దేశంలో దీనికి ఎదురు సాక్ష్యమూ ఉంది. వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం 1987లో నియమించిన ఫ్రాంక్ బీమర్ జట్టు 1992లో రెండే మ్యాచులు గెలిచి ఎనిమిది ఓడింది. అప్పుడు అతన్ని కొనసాగించడం వల్ల, ఆ మరుసటి ఏడాది నుంచి అతను విరమించిన 2015 దాకా ఏ ఒక్క ఏడూ తప్పకుండా ఆ జట్టు సీజన్ ముగింపులో జరిగే ప్రతిష్ఠాత్మక పోటీలకు అర్హత సాధించింది. ఫ్రాస్ట్‌ను నిలబెట్టిన ఓర్పు, బీమర్‌ను నిలబెట్టిన ఓర్పు పైకి ఒకేలా కనిపిస్తాయి. ఫలితాలు మాత్రం వేర్వేరు. అందువల్ల ఓర్పు మంచిదా చెడ్డదా అన్న చర్చకన్నా, ఓర్పు వహించడానికి ఆధారంగా ఏం చూశారన్న ప్రశ్నే ముఖ్యం.

కోచ్‌ను విడిగా నిలబెట్టి తప్పుపట్టే అలవాటుకు మనస్తత్వ శాస్త్రం ఒక వివరణ ఇచ్చింది. రాబర్ట్ చాల్దీనీ బృందం 1976లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టు గెలిచిన తర్వాతి సోమవారం ఆ సంస్థ పేరున్న దుస్తులు ధరించి తరగతికి వచ్చే విద్యార్థుల సంఖ్య పెరిగేది. గెలుపు గురించి అడిగితే మనం గెలిచామని, ఓటమి గురించి అడిగితే వాళ్లు ఓడారని చెప్పే ధోరణి కనిపించింది. గెలుపులో వాటా కోరే మనసు ఓటమిని మాత్రం ఎవరో ఒకరికి అప్పగించాలని చూస్తుంది. ఆటగాడు కళ్లెదుట చెమటోడుస్తాడు. అతన్ని నిందించడానికి మనసొప్పదు. కోచ్ చేసిన పని మాత్రం వారమంతా, జనం లేని మైదానంలో, ఎవరికీ కనిపించకుండా జరిగిపోతుంది. కనిపించని పనిని తక్కువగా లెక్కకట్టడం సులువు.

తెలంగాణ నేల మీద ఈ విషయాన్ని పరీక్షించడానికి సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ను మించిన ఉదాహరణ లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టుకు ఆడి, పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేసిన రహీమ్ 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలుచుకుంది. ఆయన శిక్షణలోని భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. ఆ మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో చిత్తయింది.

స్కోరు ఒక్కటే చూసేవారికి ఆ తేడా కోచ్‌ను ఇంటికి పంపడానికి చాలినంత కారణం. ఆ స్కోరు వెనక ఉన్న పరిస్థితులు వేరు. భారత ఆటగాళ్లలో ఎక్కువమంది బూట్లు లేకుండా వట్టి పాదాలతో, అలవాటు లేని చలిలో దిగారు. దేశంలో వారు ఆడే మ్యాచులు 70 నిమిషాలవి కాగా అంతర్జాతీయ మ్యాచ్ 90 నిమిషాలు సాగుతుంది. బూట్ల అలవాటు, 90 నిమిషాలకు సరిపడే దమ్ము కొద్ది వారాల శిబిరంలో వచ్చేవి కావు. దేశవాళీ ఆట పద్ధతే మారితే తప్ప రావు. ఆ ఓటమి తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో, అదే రహీమ్ శిక్షణలో భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. చివరికి జట్టుకు నాలుగో స్థానం దక్కింది. హెల్సింకి స్కోరును రహీమ్ పద్దులో మాత్రమే రాసి ఉంటే మెల్బోర్న్‌కు ఆయన వెళ్లేవాడు కాదు.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఈ సంగతి మరింత దగ్గరగా కనిపిస్తుంది. తొలి మ్యాచ్‌లో భారత్ దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడింది. తర్వాత థాయ్‌లాండ్, జపాన్‌లను ఓడించి, సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై 3–2తో నెగ్గి, సెప్టెంబర్ 4న మళ్లీ అదే దక్షిణ కొరియా ఎదుట ఫైనల్‌లో నిలిచింది. అప్పటికి డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయం. వెనక వరుసలో ఆడే ఆటగాడిని గాయంతోనే ముందు వరుసకు మార్చి గోల్స్ కోసం ఆడించడం రహీమ్ చేసిన సాహసమే. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడంపై భారత ప్రతినిధి గురుదత్ సోంధీ చేసిన విమర్శ వల్ల ఇండోనేషియా ప్రేక్షకులు భారత జట్టుపై మండిపడుతున్న సమయమది. జనమంతా ఎదురు తిరిగిన ఆ మైదానంలో పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోల్ చేయగా భారత్ 2–1తో స్వర్ణం గెలిచింది. జర్నైల్ సింగ్ విఫలమై ఉంటే అదే నిర్ణయం మూర్ఖత్వంగా చరిత్రకెక్కేది. నిర్ణయం తీసుకునేనాటికి కోచ్‌కు తెలిసిన విషయాలను వదిలి, తర్వాత వచ్చిన ఫలితాన్ని బట్టి ఆ నిర్ణయాన్ని తూచడం అభిమానులందరిలోనూ ఉన్న బలహీనత. పరిశోధకులు దీనిని ఫలిత పక్షపాతం అంటారు. క్యాన్సర్‌తో బాధపడుతూనే ఆ జట్టును నడిపిన రహీమ్ 1963 జూన్ 11న కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తర్వాత స్వర్ణం రాలేదు.

ఇటీవలి కాలానికి వస్తే, 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఐదారేళ్లలోనే కోచ్‌ల విషయంలో ఒక పాఠ్యగ్రంథానికి సరిపడా అనుభవం మూటగట్టుకుంది. ఇండియన్ సూపర్ లీగ్‌లో తొలి సీజన్ కోచ్ ఫిల్ బ్రౌన్, 12 మ్యాచుల్లో ఒకే గెలుపు వచ్చాక 2020 జనవరిలో ఉద్యోగం కోల్పోయాడు. అదే ఏడాది వచ్చిన స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ తొలి సీజన్‌లో జట్టును ఐదో స్థానానికి తెచ్చాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌పై ఫైనల్ 1–1తో ముగిసి పెనాల్టీ కిక్‌ల దాకా వెళ్లినప్పుడు, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్‌లు ఆపడంతో హైదరాబాద్ విజేత అయింది.

2023లో మార్కెజ్ వెళ్లిపోయాడు, క్లబ్ ఆర్థికంగా కుంగింది. జీతాలు బకాయి పడ్డాయి; బకాయిల కారణంగా కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం పడింది; విదేశీ ఆటగాళ్లు, పేరున్న భారతీయ ఆటగాళ్లు జట్టును వీడారు. మిగిలిన కుర్రాళ్లతో సీజన్‌ను ఈడ్చుకురావలసిన బాధ్యత మణిపూర్‌కు చెందిన థాంగ్‌బోయి సింగ్టో మీద పడింది. 22 మ్యాచుల్లో ఒకటే గెలుపు, పట్టికలో అట్టడుగు స్థానం. అంకెల్లో చూస్తే ఇది ఫిల్ బ్రౌన్ రికార్డుకన్నా హీనం. అయినా డెక్కన్ లీజియన్ పేరుతో జట్టు వెంట నడిచిన అభిమానుల కోపం ప్రధానంగా యాజమాన్యం మీదికే మళ్లింది. ఇక్కడ అభిమానులు గుడ్డిగా వెనకేసుకురాలేదు. కోచ్ చేతికి ఏమిచ్చారో చూసి మాట్లాడారు. ఆ తర్వాతి సీజన్‌లో యాజమాన్యం మారింది కానీ జట్టు కూర్పుకు తగిన వ్యవధి దొరకలేదు. 11 మ్యాచుల్లో ఏడు పాయింట్లే రావడంతో 2024 డిసెంబరులో సింగ్టోను తప్పించారు. నిజానికి మొదటి ఏడాది అతనికి వర్తించిన సమర్థన రెండో ఏడాదికి అంతే బలంగా వర్తిస్తుందా అన్నదానిపై నిష్పాక్షికులు సైతం భిన్నాభిప్రాయాలకు రావచ్చు, ఎందుకంటే ఏ సాకుకైనా కాలపరిమితి ఉంటుంది.

ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఫుట్‌బాల్ కన్నా కబడ్డీ చూసేవారే ఎక్కువ, చూసేవారిలో కూతకు వెళ్లి వచ్చినవారూ ఎక్కువే. ప్రో కబడ్డీ లీగ్‌లో తెలుగు టైటాన్స్ అనుభవం కోచ్ మార్పు గురించి సహజంగా జరిగిన ప్రయోగం లాంటిది. ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచులకు ఒకటి, తొమ్మిదో సీజన్‌లో రెండు, పదో సీజన్‌లో రెండు: మూడు సీజన్లలో కలిపి 66 మ్యాచుల్లో ఐదు గెలుపులు. సీజన్‌కో కోచ్ మారినా పట్టికలో చోటు మారలేదు. ఎనిమిదో సీజన్ ఆరంభంలోనే ప్రధాన రైడర్ సిద్ధార్థ్ దేశాయ్ గాయపడ్డాడు; పదో సీజన్‌కు రెండు కోట్ల అరవై లక్షలకు పైగా పెట్టి పవన్ సెహ్రావత్‌ను తెచ్చినా, ఒక్క రైడర్ మీదే భారం వేసిన జట్టు డిఫెన్స్‌లో తేలిపోయింది. వరుసగా రెండు ఖాళీ రైడ్‌ల తర్వాత మూడోదానిలో పాయింటు తెచ్చితీరవలసిన డూ ఆర్ డై రైడ్‌కు ఎవరిని పంపుతారో ప్రత్యర్థికి ముందే తెలిసిపోతే, ఎంతటి కోచ్ పథకమైనా పారదు. ఆడిన అనుభవమున్న ప్రేక్షకుడు ఈ సంగతి పట్టుకుంటాడు. స్కోరు మాత్రమే చూసేవాడు కోచ్ పేరు పట్టుకుంటాడు. అంతకుముందు ఢిల్లీ జట్టును విజేతగా నిలిపిన కృష్ణ కుమార్ హుడా పదకొండో సీజన్‌లో వచ్చాక టైటాన్స్ 12 మ్యాచులు గెలిచింది. ఈ మార్పు కోచ్ గొప్పతనమేనని అనేవారికి, పవన్‌కు తోడుగా విజయ్ మాలిక్ వంటి ఆల్‌రౌండర్లు రావడం కూడా అదే సీజన్‌లో జరిగిందని గుర్తుచేయవలసి ఉంటుంది.

నెదర్లాండ్స్ ఫుట్‌బాల్ లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు జరిగిన కోచ్ మార్పులను ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ పరిశీలించాడు. కోచ్‌ను తొలగించిన క్లబ్బుల ఆట తర్వాతి వారాల్లో మెరుగుపడింది. అదే తీరులో దెబ్బతిని కూడా కోచ్‌ను మార్చని క్లబ్బుల ఆటా దాదాపు అంతే మెరుగుపడింది. బాగా దిగజారిన జట్టు తన సహజ స్థాయికి తిరిగి రావడం ఎటూ జరిగేదే, ఆ రాకకు ముందు ఎవరు వస్తే వారికి పేరు దక్కుతుంది.

జిల్లాల్లోని పీడీ సారు విషయంలో, ఫలితాన్ని కోచ్ ఒక్కడి పద్దులోనే రాయలేమన్నది మరింత కటువైన వాస్తవం. విద్యా సంవత్సరం మొదలై ప్రవేశాలు పూర్తయ్యాకే ఆయన చేతికి పిల్లలు అందుతారు. అంతర్ కళాశాల పోటీలు, వాటి నుంచి విశ్వవిద్యాలయ జట్టు ఎంపిక, ఆపైన భారత విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే దక్షిణ మండల పోటీలు వెంటవెంటనే వచ్చిపడతాయి. పదును తేలిన ఆటగాడు మూడో ఏడాది ముగియగానే డిగ్రీ పట్టా పుచ్చుకుని వెళ్లిపోతాడు. ఒక్క మ్యాచ్ స్కోరును బట్టి ఆయనను కొలిచేవారు, ఆయన బాధ్యతలో ఉన్న అన్నిటినీ ఆ స్కోరులోకి కుదించేస్తారు. సాయంత్రం మైదానానికి ఎంతమంది వస్తున్నారు, మొదటి ఏడాది బంతి ఆపడం రాని పిల్లవాడు మూడో ఏడాదికి ఏం నేర్చాడు, ఓడిన మర్నాడు సాధన జరిగిందా లేదా అన్నవి కరీంనగర్‌లోనైనా ఆదిలాబాద్‌లోనైనా మైదానం గట్టున పది రోజులు నిలబడితే ఎవరికైనా తెలిసే విషయాలు. ఆ పది రోజుల్లోనూ సాధన సరిగ్గా సాగకపోతే, పరిస్థితుల పేరు చెప్పి ఆయనను వెనకేసుకురావడానికీ ఆధారం ఉండదు.