లెక్క వాడకి తిరిగి రావాలి: పంచాయతీలు, కంప్యూటర్లు, దళితులు

పంచాయతీల్లోకి కంప్యూటర్ వచ్చింది. రాకూడదని ఎవరూ అనరు. సర్టిఫికెట్ కోసం కరణం అరుగు మీద పడిగాపులు కాసిన జాతులకి ఆ కాలం మళ్లీ రావాలన్న మోజేమీ లేదు. అయితే కంప్యూటర్ వచ్చినంత మాత్రాన పెత్తనం పోదు. లెక్క ఎవరు రాస్తున్నారు, ఎవరు చదువుతున్నారు, తప్పు పడితే ఎవరు దిద్దుతున్నారు? ఈ మూడు ప్రశ్నలూ అడక్కుండా 'డిజిటల్ సేవలు' గురించి మాట్లాడితే, పాత పెత్తనం కొత్త పెట్టెలో కూచుంటుంది.

కృష్ణా మెట్టలో నిలబడి చూద్దాం. కృష్ణ ఒడ్డున వేదాద్రి, పైన జగ్గయ్యపేట, ఇటు నందిగామ, కంచికచర్ల, చందర్లపాడు, వీరులపాడు, పెనుగంచిప్రోలు, వత్సవాయి. 2022 ఏప్రిల్‌లో ఇవన్నీ కృష్ణా జిల్లా నుంచి విడిపోయి ఎన్‌టీఆర్ జిల్లాలో నందిగామ రెవిన్యూ డివిజన్ అయ్యాయి. పత్తీ మిరపా పండే ప్రాంతం. కూలి జనం ఒక మండలంలో వుంటారు, కోతలకి ఇంకో మండలానికి పోతారు. 1968లో కంచికచర్లలో కోటేశుని సజీవంగా కాల్చి చంపిన నేల కూడా ఇదే. ఇలాంటి చోట వూరి లెక్క వొట్టి అంకెల పట్టిక కాదు. అందులో ఎవరు వున్నారు, ఎవరు లేరు అన్నదే రాజకీయం.

ముందు లెక్క ఎటు పోతోందో చూడాలి. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పదకొండో షెడ్యూల్లో 29 అంశాలు పెట్టి, వీటిని పంచాయతీలకి అప్పజెప్పవచ్చు అంది. 243డి అధికరణం దళితులకి సీట్లు కేటాయించింది. దళిత సర్పంచ్ కుర్చీకి రాజ్యాంగ బలం వచ్చింది దీనితోనే. అయితే కంప్యూటర్లు మాత్రం పంచాయతీ చేతికి రాలేదు, రాజధాని నుంచి దిగాయి. 2011లో మీసేవ, 2016లో ప్రజాసాధికార సర్వే, 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు, సుమారు యాభై ఇళ్లకి ఒక వలంటీరు, 2025 జనవరిలో వాట్సాప్ సేవలు. ప్రభుత్వాలు మారాయి, పేర్లు మారాయి. దారి మాత్రం ఒకటే. ఇంటింటి వివరం కింద రాస్తారు, పైకి పంపిస్తారు. అర్హుల జాబితా పైనుంచి దిగుతుంది. మధ్యలో పంచాయతీ పోస్టుమాన్ పని చేస్తుంది.

సచివాలయం పంచాయతీ చెప్పుచేతల్లో వుండాలా, లేక ప్రభుత్వ శాఖ చేతుల్లోనా అన్న తగాదా కోర్టు దాకా పోయింది. 2021 మార్చిలో ప్రభుత్వం జీవో నంబర్ 2 ఇచ్చి సచివాలయం మీద అధికారాలు వీఆర్వోకి కట్టబెట్టింది. అదే ఏడాది జులైలో హైకోర్టు ఆ జీవోని నిలిపేసింది. ఇది ఇద్దరు వుద్యోగుల మధ్య అధికారాల పంచాయితీగా కనిపిస్తుంది. అసలు ప్రశ్న అది కాదు. మా వూరి వివరాల మీద మేం వోటేసి గెలిపించిన మనిషికి మాట వుందా లేదా అన్నది. ఆ మనిషి దళిత మహిళ అయినప్పుడు ఈ ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి.

డబ్బు విషయం చూడండి. కేంద్రం 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్ మొదలుపెట్టింది. పంచాయతీ ప్రణాళిక, ఖర్చు, చెల్లింపు అందులో ఎక్కాలి. చెల్లింపుకి సర్పంచ్ డిజిటల్ సంతకం కావాలి. ఆ సంతకం ఒక చిన్న 'కీ'లో వుంటుంది. వెనకటి రోజుల్లో రిజర్వుడు సర్పంచ్ చేత ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు వేయించుకునేవాళ్లు. ఇప్పుడు కాగితం అక్కర్లేదు, కీ జేబులో వేసుకుంటే చాలు. అంచేత దళిత సర్పంచ్‌లకి ఇచ్చే శిక్షణలో మొదటి పాఠం కంప్యూటర్ నొక్కడం కాదు. కీ ఎవరికీ ఇవ్వకపోవడం.

లెక్క ఏ కొలతతో వేస్తున్నారన్నది ఇంకో సంగతి. 2013లో వచ్చిన ఉపప్రణాళిక చట్టం ఎస్సీల జనాభా వాటా మేరకు నిధులు కేటాయించాలంది. ఎస్సీలు నూటికి నలభై మంది, అంతకు మించి వున్న ఆవాసాన్ని ఎస్సీ ఆవాసంగా లెక్కించింది. ఇక్కడ 'ఆవాసం' అన్న మాట పట్టుకోవాలి. వాడని వూరితో కలిపి లెక్కేస్తే వాటా తగ్గిపోతుంది. వాడని వాడగా లెక్కేస్తే పెరుగుతుంది. పట్టికలో ఒక గడి తక్కువైతే వాడకి రావలసిన రోడ్డు వూళ్లోకి పోతుంది. కుళాయి, వీధి దీపం, శ్మశానానికి దారి, అంగన్‌వాడీ - వీటిలో ఏదైనా వూరంతటికీ కలిపి 'వుంది' అని రాస్తే, వాడలో లేదన్న నిజం మాసిపోతుంది. మనల్ని వూరికి దూరంగా పెట్టినవాళ్లే లెక్కల్లో మాత్రం వూరితో కలిపేస్తారు.

లెక్క వాడకి తిరిగొస్తే ఏమవుతుందో తెలుగు నేల మీదే చూశాం. 2006లో ఉపాధి హామీ పనుల మీద ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ మొదలైంది. 2009లో దానికోసం ప్రత్యేక సంస్థ ఏర్పాటు చేశారు. పద్ధతి సులువు. మస్టర్లు కంప్యూటర్లో ఎక్కాయి కాబట్టి ఎవరైనా బయటికి తీయవచ్చు. కూలి కుటుంబాల యువకులకి శిక్షణ ఇచ్చి, వాళ్ల వూరికి కాకుండా వేరే వూరికి పంపారు. ఇల్లిల్లూ తిరిగి "ఇన్ని రోజులు పని చేసినట్టు వుంది, చేశావా? ఇంత డబ్బు పడ్డట్టు వుంది, అందిందా?" అని అడిగారు. తర్వాత గ్రామసభలో చదివారు. ఆపైన మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ముందే విచారించారు. చచ్చిపోయినవాళ్ల పేర మస్టర్లు, తవ్వని గుంతలకి బిల్లులు బయటపడ్డాయి. తిన్నదంతా తిరిగి వసూలయిందని కాదు. అయితే కూలి మనిషి అధికారిని నిలబెట్టి కాగితం చూపించి అడగటం చిన్న సంగతి కాదు.

ఇందులో రెండు పాఠాలున్నాయి. కంప్యూటర్ ఒక్కటే దొంగని పట్టలేదు, కంప్యూటర్లో వున్నది గట్టిగా చదివి వినిపించడం పట్టింది. పక్కవూరి మనిషి వచ్చి చూడటం వల్ల సొంత వూరి పెద్దల భయం కొంత తగ్గింది. పంచాయతీలు లెక్కల విషయంలో కలిసి పనిచేయడం అంటే అసలు అర్థం ఇదే.

అదే ఉపాధి పనిలో కంప్యూటర్ ఎదురు కూడా తిరిగింది. 2022 మే నుంచి, ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట హాజరు ఫోన్లో ఫొటో తీసి ఎక్కించాలన్నారు. 2023 జనవరి నుంచి కూలీల సంఖ్యతో పని లేకుండా అదే అన్నారు. 2024 జనవరి నుంచి ఆధార్ ముడి వుంటేనే కూలి అన్నారు. సిగ్నల్ లేకపోతే చేసిన పని పోయినట్టే. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఆ ఉపాధి చట్టం స్థానంలో వేరే చట్టమే తెచ్చింది. మస్టర్ బయటపెట్టినప్పుడు కంప్యూటర్ అధికారి మీద కాపలా కాసింది. ఫొటో అడిగినప్పుడు కూలి మీద కాపలా కాసింది. యంత్రం ఒకటే, చూపు ఎటు తిప్పారన్నదే తేడా.

పంచాయతీలు కలిసి ఈ పని చేయడం గాలిలో మేడ కాదు. కేరళ 1999లోనే స్థానిక సంస్థల కోసం ఇన్ఫర్మేషన్ కేరళ మిషన్ పెట్టుకుంది. లండన్‌లో బరో కౌన్సిళ్లు 2019లో లోటి పేరుతో ఒక వేదిక పెట్టుకుని, వివరాలూ పరికరాలూ కలిసి వాడుకుంటున్నాయి. మరి నందిగామ డివిజన్లో పక్కపక్క పంచాయతీలు కలిసి చేయగల పనులేమిటి?

మొదటిది, అందరూ ఒకే ఫారం వాడాలి. అందులో వూరు, వాడ విడివిడిగా వుండాలి. అప్పుడు వేదాద్రి వాడకీ పక్కవూరి వాడకీ పోల్చి అడగవచ్చు. రెండోది, పింఛను, బియ్యం కార్డు, ఇంటి స్థలం జాబితాల్లోంచి పేరు తీసేస్తే కారణంతో సహా గోడ మీద రాయాలి. రచ్చబండ దగ్గరే కాదు, వాడలో కూడా చదవాలి. మూడోది, కోతలకి వచ్చిన కుటుంబం పిల్లల పేరు ఏ పంచాయతీ అంగన్‌వాడీలో వుందో రెండు పంచాయతీలూ మాట్లాడుకోవాలి. నాలుగోది, ఒక పంచాయతీ లెక్క ఇంకో పంచాయతీ కూలీలు తనిఖీ చెయ్యాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. అన్ని వివరాలూ కలపకూడదు. కులం, ఫోన్ నంబర్, ఆధార్ ఒకే జాబితాలో వుంటే అది వోటు బేరగాడికీ, వడ్డీ వ్యాపారికీ, పగబట్టినవాడికీ పనికొస్తుంది. మన గోప్యత మనక్కావాలి. అయితే గోప్యత పేరు చెప్పి పెద్దల లెక్క దాచడం వేరు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) సెక్షన్ని మార్చింది. ఆ మార్పు 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటతో అధికారి కాగితం ఇవ్వననడం ఇప్పుడు తేలిక. మస్టర్లో పేర్లు మూసేస్తే ఇంక సామాజిక తనిఖీ ఎక్కడిది? పేదవాడి ఆధార్ దాచాలి, కాంట్రాక్టర్ బిల్లు బయటపెట్టాలి. ఈ రెంటినీ ఒకే గాట కట్టే వాదనని ఎక్కడికక్కడ ఎదుర్కోవాలి.

కార్యకర్తలు, విద్యార్థులు, టీచర్లు ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు. ఈ-గ్రామస్వరాజ్‌లో మీ పంచాయతీ ఖర్చు ఎవరైనా చూడవచ్చు. ఒక ఏడాది పనుల జాబితా తీసి, ఏ పని వూళ్లో, ఏ పని వాడలో అని పక్కన రాసుకోండి. పక్క పంచాయతీ మిత్రుల చేత వాళ్లదీ రాయించండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి గ్రామసభలో చదవండి. మన లెక్క మనం చదవడంతోనే అంబేడ్కర్ చెప్పిన రాజకీయ ప్రజాస్వామ్యం వాడ గడప తొక్కుతుంది.