పోయి వచ్చినవాళ్లను అడగాలి.. ఏమడగాలో తెలిసి అడగాలి

రాత్రి తొమ్మిది దాటింది. పల్లెలో ఒక ఇంటి ముందు ఇరవై మంది గుమిగూడారు. లోపల పెద్దాయనకు ఛాతీలో నొప్పి. ఒళ్లంతా చెమటలు. ఆటో వచ్చి నిలబడింది గాని కదలడం లేదు. ఎక్కడికి తీసుకుపోవాలన్నది తేలలేదు.

"బస్టాండు కాడి ఆస్పత్రికి పోదాం. ఆ డాక్టరు హస్తవాసి మంచిది" అని ఒకరు.

"ఆడనే కదప్పా మా మామ పోయింది. ఆడికి మాత్రం వద్దు" అని ఇంకొకరు.

"నేరుగా బెంగుళూరుకు తీసుకురండి" అని ఫోనులో కొడుకు. ఆర్‌ఎంపీ డాక్టరు అప్పటికే తనకు తెలిసిన ఆస్పత్రికి ఫోను కలిపేశాడు. ఈ మాటల్లోనే ముప్పావు గంట గడిచిపోయింది. ఛాతీనొప్పి మనిషికి ఆ ముప్పావు గంట ఎంత విలువైనదో చెప్పనక్కర లేదు.

ఇది ఏ ఒక్క ఊరి సంగతో కాదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏ పల్లెకు పోయినా ఇదే తంతు. రాయదుర్గం వైపు వాళ్ల చూపు బళ్లారి మీద. హిందూపురం, మడకశిర వాళ్లకు బెంగుళూరు. గుత్తి, తాడిపత్రి వాళ్లకు కర్నూలు. తిరుపతి, వేలూరు దాకా పోయేవాళ్లూ ఉన్నారు. 2022లో జిల్లా రెండుగా చీలింది గాని రోగుల దారులు మారలేదు.

ఒకప్పుడు ఈ బాధ లేదు. ధర్మాసుపత్రి ఒకటే దిక్కు. లేదంటే నాటువైద్యం. తర్వాత 1991లో పుట్టపర్తిలో ఉచితంగా గుండె ఆపరేషన్లు చేసే పెద్ద ఆస్పత్రి వచ్చింది. బత్తలపల్లిలో ఆర్డీటీ ఆస్పత్రి వచ్చింది. 2000లో అనంతపురంలో వైద్య కళాశాల వచ్చాక అక్కడి పెద్దాసుపత్రికి బలం పెరిగింది. 2005లో 108 బండ్లు తిరగసాగాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టిన తొలి జిల్లాల్లో అనంతపురం ఒకటి. దాని వెంట పట్నాల్లో ప్రైవేటు ఆస్పత్రుల బోర్డులు వరసగా లేచాయి. ఆస్పత్రి లేదన్న బాధ తగ్గింది. ఏ ఆస్పత్రి అన్న బాధ పట్టుకుంది.

హస్తవాసి వెనుక

పల్లెల్లో డాక్టరు ఏం చదివాడని ఎవరూ అడగరు. హస్తవాసి ఎలాంటిదని అడుగుతారు. ఆ మాటను తీసిపారేయడానికి లేదు. పదిమందికి నయమైతేనే ఒకరికి ఆ పేరు వస్తుంది. కాని ఎలా వచ్చిందో కూడా చూడాలి.

వానాకాలపు జ్వరాలనే తీసుకుందాం. మామూలు వైరస్ జ్వరం చాలావరకు అయిదారు రోజుల్లో తనంతట తానే తగ్గుతుంది. మొదటి రోజు ఊళ్లో సూది వేయించుకుంటారు. తగ్గదు. మూడో రోజు మండలంలో చూపిస్తారు. తగ్గదు. అయిదో రోజు పట్నంలో మరొక డాక్టరు దగ్గరికి పోతారు. మరునాటికి జ్వరం దిగుతుంది. మొదటి ఇద్దరికీ చెడ్డపేరు, మూడో ఆయనకు హస్తవాసి! ముగ్గురూ ఇచ్చింది ఒకే మాత్ర అయినా ఆశ్చర్యం లేదు.

సెలైన్ సీసా సంగతీ అంతే. అయిదు శాతం గ్లూకోజు ఉన్న అరలీటరు సీసాలో ఉండేది పాతిక గ్రాముల గ్లూకోజు. వాంతులు, విరేచనాలతో సొమ్మసిల్లి, నోటితో ఏదీ తీసుకోలేని మనిషికి సీసా ప్రాణం పోస్తుంది. ఒళ్లు నొప్పులని, కాళ్లు లాగుతున్నాయని ఎక్కించుకునే సీసాకు, చక్కెర కలిపిన రెండు గ్లాసుల నీళ్లకు పెద్ద తేడా ఉండదు. అయినా "సీసా పెట్టలేదు, సూది వేయలేదు, ఇదేం ఆస్పత్రి" అనే మాట ఊరంతా తిరుగుతుంది. మందు అక్కర లేదని నిజం చెప్పిన డాక్టరు గదిలో మరుసటి వారానికి జనం పలచబడతారు. ఇందులో తప్పు ఎవరిదో ఊరివాళ్లే ఆలోచించుకోవాలి.

డెంగీలో ఇంకో తిరకాసు ఉంది. అసలు ప్రమాదం జ్వరం దిగే సమయంలోనే మొదలవుతుంది. ఆ ఒకటి రెండు రోజుల్లో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే ఆలస్యం చేయరాదు. "జ్వరం తగ్గినా ఇంటికి పంపలేదు, బిల్లు కోసం ఉంచుకున్నారు" అని వచ్చే ఫిర్యాదు ఒక్కోసారి నిజమే కావచ్చు. ఒక్కోసారి ఆ ఉంచుకోవడమే మనిషిని దక్కించి ఉండవచ్చు.

"ఆడికి పోయినోళ్లు తిరిగి రారు" అన్న మాట కూడా పెద్దాసుపత్రుల మీద తరచు వినిపిస్తుంది. అన్ని చోట్లా చేతులెత్తేసిన కేసులు చివరికి చేరేది అక్కడికే. కొన ఊపిరితో వచ్చేవాళ్లు ఎక్కువ గనుక పోయేవాళ్లూ ఎక్కువ. చిన్న నర్సింగు హోములో ఎవరూ పోలేదంటే, అక్కడివాళ్లు కష్టమైన కేసును గేటు దగ్గరే ఇంకో చోటికి పంపేస్తూ ఉండవచ్చు.

రోగికే తెలిసేవి

మరి రోగుల మాటకు విలువ లేదా? ఉంది. వైద్యం సరైనదా కాదా అన్నది రోగి తేల్చలేకపోవచ్చు. రాత్రి రెండు గంటలకు పిలిస్తే డాక్టరు వచ్చాడా, కాంపౌండరుతోనే సరిపెట్టారా అన్నది రోగికి, మంచం పక్కన కూర్చున్న వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. బోర్డు మీద ఏడుగురు డాక్టర్ల పేర్లు ఉంటాయి. అందులో రోజూ ఉండేది ఎవరు, వారానికి ఒకసారి పట్నం నుంచి వచ్చిపోయేది ఎవరు? ముందు చెప్పిన ఖర్చెంత, ఇంటికి వచ్చేటప్పుడు కట్టిందెంత? మందులు బయట కొనుక్కోనిచ్చారా? జబ్బు పేరు చెప్పారా? ఇలాంటివి అడిగితే పోయి వచ్చినవాళ్లు తడుముకోకుండా చెబుతారు. "బాగా చూసినారా?" అని అడిగితే మాత్రం "ఆ, బాగానే చూసినారు" అనే జవాబే వస్తుంది.

అడిగేది కూడా అదే జబ్బుతో పోయినవాళ్లను అడగాలి. కాలు విరిగి కట్టు కట్టించుకున్నవాడి మాట విని గుండెనొప్పి మనిషిని అదే ఆస్పత్రికి తీసుకుపోవడం పల్లెల్లో మామూలైపోయింది. ఎముకల డాక్టరు ఎంత గట్టివాడైనా గుండెకు ఏం చేయగలడు!

ఒక్కరి మాట విని నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి గర్భసంచి ఆపరేషన్లే నిదర్శనం. తెల్లబట్ట అవుతోందని, నడుము నొప్పి అని పోయిన ఆడవాళ్లకు "తీసేయకపోతే క్యాన్సరవుతుంది" అని భయపెట్టిన ఉదంతాలు రాష్ట్రంలో ఎన్నో బయటపడ్డాయి. ముప్పై అయిదేళ్లయినా నిండకుండానే గర్భసంచి పోగొట్టుకుని, ఆ తర్వాత ఒంటి ఆవిర్లతో, ఎముకల నొప్పులతో కూలికి పోలేక కూర్చున్న వాళ్లు పల్లెల్లో కనిపిస్తారు. తొందర లేని ఏ ఆపరేషనుకైనా స్కానింగు కాగితాలు పట్టుకుని ఇంకో డాక్టరుకు, కుదిరితే సర్కారు ఆస్పత్రి డాక్టరుకు చూపించుకుంటే పోయేది ఒక రోజు కూలి మాత్రమే.

కాగితాలు ఇవ్వరని చాలామంది వాపోతుంటారు. రోగి గాని, రోగి తరఫువాళ్లు గాని అడిగితే 72 గంటల్లోగా వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. రోగిని పంపినందుకు డాక్టరు కమీషను ఇవ్వరాదు, పుచ్చుకోరాదు అని కూడా అదే నిబంధనల్లో ఉంది. అయినా పల్లెల్లో ఆర్‌ఎంపీకి ఆస్పత్రి నుంచి ఎంతో కొంత ముడుతుందన్నది బహిరంగ రహస్యం. అందరూ అలాంటివాళ్లని కాదు. అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది వాళ్లే. కాని "ఫలానా ఆస్పత్రికే పోవాల" అని పట్టుబట్టినప్పుడు, "ఎందుకు సామీ, దాని కన్నా దగ్గర ఇంకోటి లేదా?" అని ఒక్కమాట అడగడంలో తప్పు లేదు.

ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న పథకం కింద చేర్చుకుని, పైన ఇంత కట్టమని అడిగినట్లు ఎవరైనా చెబితే ఆ ఆస్పత్రి పేరు గుర్తుపెట్టుకోవాలి. ఆస్పత్రిలోనే ఆరోగ్యమిత్ర బల్ల ఉంటుంది. అక్కడ అడగవచ్చు. 104కు ఫోను చేయవచ్చు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది గనుక బిల్లులు పారేయకుండా దాచుకోవాలి.

వెతుక్కునే వేళ కాదు

మంచి ఆస్పత్రి కోసం ఆరా తీయడానికి తీరిక ఉన్న జబ్బులు వేరు. తీరిక లేనివి వేరు. చెనిక్కాయ పీకే రోజుల్లో పాముకాట్లు ఎక్కువ. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటి విషానికీ మన దేశంలో ఇచ్చే మందు ఒక్కటే. అది ప్రైవేటులోనే దొరుకుతుందనుకోవడం పొరపాటు. సర్కారు ఆస్పత్రుల్లో ఉచితంగా ఇస్తారు. తమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది నిల్వ ఉందో లేదో, రాత్రిపూట వేసేవాళ్లు ఉంటారో లేదో సీజను రాకముందే ఏఎన్ఎమ్మును అడిగి పెట్టుకోవాలి. కట్లపాము కాటు చీమ కుట్టినంత కూడా నొప్పి పెట్టకపోవచ్చు. రాత్రి నిద్రలో కుట్టి, తెల్లవారే సరికి రెప్పలు వాలిపోతాయి.

ఛాతీనొప్పికీ అంతే. ముందు ఈసీజీ తీసే దగ్గరి చోటికి. బెంగుళూరు ఆ తర్వాత. 108 వాళ్లు దగ్గరి ఆస్పత్రికి పోదామంటే, కాదు తమకు తెలిసిన చోటికే తిప్పమని గొడవపడేవాళ్లు ఉన్నారు. ప్రాణం మీదికి వచ్చిన మనిషికి ప్రథమ చికిత్స చేయకుండా ప్రైవేటు డాక్టరైనా పంపేయరాదని సుప్రీంకోర్టు 1989లో చెప్పింది.

వేపచెట్టు కింద మూడు రోజులు

కాన్పు అలా కాదు. నెలల ముందే తెలుస్తుంది. అయినా నొప్పులు మొదలయ్యాక ఆటోలో కూర్చుని ఎక్కడికని ఆలోచించే ఇళ్లే ఎక్కువ. ఈ జిల్లాలోనే ఒక పల్లెలో ఒక పెద్దామె మాత్రం అలా చేయలేదు. చదువు లేదు. రెండెకరాల చేను. కూతురికి ఏడో నెల నిండగానే సద్ది మూట కట్టుకుని పట్నం పోయింది. ముందు అద్దాల తలుపుల నర్సింగు హోము గేటు కాడ కూర్చుంది. మరునాడు సర్కారు ఆస్పత్రి కాంపౌండులో వేపచెట్టు కింద, కాన్పుకు వచ్చినవాళ్ల తల్లులూ అత్తలూ అన్నాలు తినే చోట కూర్చుంది. మూడో రోజు మళ్లీ అక్కడికే పోయింది.

"నీ బిడ్డకు ఏం కాన్పు అమ్మా? ఎన్నో కాన్పు? మొదటిది కోసినారా? రాత్రి చూసిందెవరు? రక్తం కావాలంటే యాడినుంచి తెచ్చినారు?" ఇవే ఆమె అడిగిన ప్రశ్నలు.

నర్సింగు హోములో గదులు అద్దంలా ఉన్నాయి. ఆయాలు మర్యాదగా మాట్లాడారు. ఆమె పలకరించిన ఎనిమిది మందిలో ఏడుగురికి ఆపరేషనే. ఇందులో వింత లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద నూటికి 21. రాష్ట్రంలో సర్కారు ఆస్పత్రుల్లో ముప్పైకి లోపే ఉంటే, ప్రైవేటులో అరవై దాటింది. కొన్నింటికి ఆపరేషను తప్పదు, ప్రాణాలు కాపాడుతుంది. అన్నింటికీ తప్పదంటే నమ్మడం కష్టం. పైగా రక్తం కావాలంటే ఆ నర్సింగు హోము వాళ్లు అనంతపురానికి పరుగెత్తిస్తారని ఒక అత్త చెప్పింది.

సర్కారు ఆస్పత్రిలో మరుగుదొడ్డి అధ్వానం. మంచానికి ఇద్దరు. కొడుకు పుడితే ఇంత, కూతురు పుడితే ఇంత అని ఆయాలు చేయి చాస్తారని అక్కడున్న ప్రతి ఒక్కరూ చెప్పారు. కాని రాత్రి డ్యూటీలో డాక్టరమ్మ ఉంటుందని కూడా అందరూ చెప్పారు. రక్తం అక్కడే ఉంటుందన్నారు. బిడ్డకు ఊపిరాడకపోతే పెట్టే గది అక్కడే ఉంది. పెద్దామె స్వయంగా పోయి చూసి వచ్చింది.

ఇంటికి వచ్చి అల్లుడితో చెబితే ఆయన ఒప్పుకోలేదు. సర్కారు ఆస్పత్రి అంటే తన మర్యాద పోతుందన్నాడు. "మర్యాద ఇంట్లో పెట్టుకో నాయనా, బిడ్డను నేను తీసుకుపోతా" అందట.

అనుకున్నదానికన్నా పది రోజులు ముందే నొప్పులు వచ్చాయి. ఈ ఇంటి ముందు ఆటో ఆగలేదు. 108కు ఫోను, అరగంటలో ఆస్పత్రి. తెల్లవారుజామున నాలుగు గంటలకు మామూలు కాన్పు. ఆడపిల్ల. తర్వాత తల్లికి రక్తస్రావం ఎక్కువయింది. డ్యూటీ డాక్టరమ్మ అక్కడే ఉంది గనుక సూదులు వేసి ఆపగలిగింది. ఒక సీసా రక్తం ఎక్కించారు. ఆయా అయిదు వందలు అడిగింది. పెద్దామె మూడు వందలిచ్చి, మిగతాది సూపరింటెండెంటు గదిలో ఇస్తానంది. ఆయా మళ్లీ అడగలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లో కాన్పుకు ఎక్కడికి పోవాలని అందరూ ఆమెనే అడుగుతున్నారు. ఆమె ఆస్పత్రి పేరు చెప్పదు. ముందు "ఎన్నో నెల?" అని అడుగుతుంది. ఏడో నెల అంటే, "ఇంకా టైముంది, రేపు పొద్దున బస్సుకు నాతో రా" అంటుంది.