టార్చిలైటు: వెలుగును ఎన్నుకొనుట ఎట్లు?

చీకటిలో మనిషికి తోడు వచ్చు వస్తువులలో టార్చిలైటు ముఖ్యమైనది. వెనుకటి తరమువారు ఎరిగిన టార్చిలో రెండు పెద్ద బ్యాటరీలును, సన్నని తీగ గల చిన్న బల్బును ఉండెడివి. దాని వెలుగు కొద్ది పదుల ల్యూమెనులను మించెడిది కాదు. నేడు బొటనవ్రేలంత గొట్టము 1,000 ల్యూమెనులిచ్చునని పెట్టెపై అచ్చువేసి అమ్ముచున్నారు. ఆ అంకె నిజమే అయినను, దానినొక్కదానినే నమ్మి కొన్న దీపము పొలముగట్టుపై అక్కరకు రాకపోవచ్చును. ఏ అంకె దేనిని తెలుపునో, లోపలి భాగములలో వేటిని గమనింపవలెనో శ్రోతలకు వివరింపదలచితిమి.

ఈ దీపములకు ప్రాణము ఎల్.ఇ.డి. అనబడు అర్ధవాహకపు పలుకు. 1962లో అమెరికా శాస్త్రజ్ఞుడు నిక్ హోలోన్యాక్ ఎర్రని వెలుగునిచ్చు పలుకును చేసి చూపెను. నీలికాంతి మాత్రము చాలకాలము లొంగలేదు. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. నీలిపలుకుపై పసుపువన్నె ఫాస్ఫరు పూయుదురు. నీలికాంతిలో కొంత ఆ పూతలో పసుపుగా మారును. రెండును కలిసి కంటికి తెల్లగా తోచును. పూతలోని పాళ్ళను బట్టియే తెలుపు చల్లగానో వెచ్చగానో ఉండును.

మొదట చూడదగినది పలుకు వైశాల్యము. ఒకే 500 ల్యూమెనులిచ్చు రెండు దీపములను, ఒకే కొలత గల అద్దపుగిన్నెలలో అమర్చినట్లు భావింతము. ఒకదాని పలుకు 1 చదరపు మిల్లీమీటరు, రెండవదానిది 4. చిన్న పలుకునుండి వెలుగు చిక్కగా వెలువడును గనుక, అద్దము దానిని సన్నని కిరణముగా కూర్చి దూరమునకు పంపగలదు. పెద్ద పలుకు వెలుగు పరచుకొని కాళ్ళ ముందరి నేలనంతయు చూపును. కొన్ని పలుకులపై అర్ధగోళాకారపు పారదర్శకపు బుడగ ఉండును. అది వెలుగును ఎక్కువగా వెలికితీయును గాని, పలుకు పెద్దదైనట్లు కనబడజేయును. బుడగ లేని రకములో వెలుగు కొంచెము తగ్గినను, కిరణము మరింత దూరము పోవును.

అద్దపుగిన్నెకు బదులు కొన్నిటిలో బిరడావంటి పారదర్శకపు కటకమును పెట్టుదురు. గిన్నె నడుమ ప్రకాశవంతమైన చుక్కను, చుట్టును పలుచని వెలుగును ఇచ్చును. కటకము ప్రక్కలకు పోవు వెలుగును సైతము పోగుచేసి ఒక్క కట్టగా పంపును. గిన్నె లోపలితలము నారింజతొక్కవలె గరుకుగా ఉన్నచో వెలుగు అంచులు మెత్తబడును. నున్నగా ఉన్నచో దూరము పెరుగును.

దూరమును తెలుపు అంకె ల్యూమెను కాదు, కాండెలా. కాండెలాల వర్గమూలమును 2చే హెచ్చించిన మీటర్లలో దూరము వచ్చును. 10,000 కాండెలాలకు 200 మీటర్లు, 40,000 కాండెలాలకు 400 మీటర్లు. అనగా దూరము రెట్టింపు కావలెనన్న తీవ్రత నాలుగింతలు కావలెను. ఆ కొసన పడు వెలుగు 0.25 లక్సు, ఇంచుమించు పున్నమి వెన్నెలంత. వస్తువును పోల్చి చూచుటకు అందులో సగము దూరమే నమ్మదగినది.

ఇక రంగు. సూర్యకాంతిలో కనుపించు రంగులను దీపము ఎంత నిజముగా చూపునో తెలుపు సూచికకు గరిష్ఠము 100. పాత తీగబల్బుకు అది నూటికి చేరువ. చవుక చల్లని తెలుపు ఎల్.ఇ.డి.లకు ఇంచుమించు 70; ఎరుపు, గోధుమ వన్నెలు వాటిలో వెలవెలబోవును. నిచియా 219బి వంటి పలుకులలో 90ని మించిన రకములు కలవు. అదే విద్యుత్తునకు వాటి వెలుగు కొంత తక్కువ. అది రంగుకు చెల్లించు వెల. ఈ వెల ఎప్పుడు సార్థకమగును? మన దేశమున 2000 నుండి 2019 వరకు పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించినట్లు పరిశోధకులు అంచనా వేసిరి. రాత్రివేళ మోటారు వేయుటకు పోవు రైతు ఎండుటాకులలోని రక్తపింజరిని ఆకులనుండి వేరుచేసి చూడగలుగుట ప్రాణావసరము. అతనికి 400 మీటర్ల కిరణముకంటె, పాదముల ముందు పది పదిహేను అడుగుల నేలను నిజమైన రంగులతో చూపు పరచిన వెలుగే మేలు. చెరువు అవతలి గట్టును చూడవలసిన కావలివానికి దూరపు కిరణము తగును.

తెల్లని ఎల్.ఇ.డి.కి సుమారు 3 వోల్టులు కావలెను. ఒక్క మామూలు బ్యాటరీ 1.5 వోల్టులే ఇచ్చును గనుక లోపల వోల్టేజిని పెంచు సర్క్యూటు ఉండవలెను. చవుక దీపములలో ఒక రెసిస్టరు మాత్రమే ఉండును. బ్యాటరీ నీరసించిన కొలది వెలుగు సన్నగిల్లును. మంచి సర్క్యూటు వెలుగును చాలసేపు సమముగా నిలుపును. వెలుగును తగ్గించుటకు కొన్ని దీపమును అతివేగముగా ఆర్పి వెలిగించుచుండును. తిరుగుచున్న పంకా రెక్కలపై వేసి చూచిన, రెక్కలు ముక్కలుముక్కలుగా తోచును. రేడియో గల ఇంటివారికి మరియొక పరీక్ష కలదు: మీడియం వేవులో స్టేషను లేని చోట ముల్లు నిలిపి దీపమును దగ్గరకు తెచ్చిన, నాసి సర్క్యూటు గీపెట్టుట వినవచ్చును.

వేడిమి మరొక హద్దు. పలుకుకు అందిన విద్యుత్తులో చాలభాగము వేడియగును. చిన్న గొట్టము దానిని వెదజల్లలేదు గనుక, 1,000 ల్యూమెనుల దీపము కొన్ని నిమిషములలోనే తనంతట తాను తగ్గును. తయారీదారులు పాటించు ప్రమాణము ప్రకారము, వెలిగించిన 30 సెకండ్లనుండి 2 నిమిషముల లోపల కొలిచిన వెలుగే పెట్టెపై అంకె. అది పదోవంతుకు దిగువరకు గల కాలమంతయు దీపము వెలిగినట్లే లెక్క! కావున గొప్ప అంకె ప్రక్కన గొప్ప గంటలు కన్పించినపుడు, రెండును ఒక్కసారి లభించునని తలపరాదు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను పిమ్మట విశాఖవాసులు అనేక రాత్రులు కరెంటు లేక గడిపిరి. అట్టి వేళ కావలసినది తక్కువ వెలుగు, ఎక్కువ గంటలు. 18 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 65 మిల్లీమీటర్ల పొడవు గల 18650 లిథియం బ్యాటరీలో సుమారు 10 వాట్‌గంటల శక్తి ఉండును. ఒక వాటుకు 100 ల్యూమెనుల చొప్పున 30 ల్యూమెనుల దీపము 30 గంటలు వెలుగవలెను. నష్టములు పోను ఒక దినమైనను నిలుచును. ఒక గది తిరుగుటకు ఆ 30 చాలును. తెల్లని కప్పువైపు త్రిప్పి నిలిపిన గదియంతయు మెత్తగా వెలుగును.

లిథియం బ్యాటరీలతో జాగ్రత్త అవసరము. 14500 రకము మామూలు పెన్సిలు బ్యాటరీ ఆకారముననే ఉన్నను, 3.7 వోల్టులది, తగని పరికరమున వేసిన అది కాలిపోవచ్చును. పై పొర చిరిగిన బ్యాటరీని వాడరాదు. మామూలు బ్యాటరీలను నెలల తరబడి టార్చిలో వదలిన కారి లోపలిభాగములను తినివేయును. పసిపిల్లల కంటిపై ఏ దీపమును వేయరాదు.

టార్చి కొనబోవువారు మొదట తమకు తాము వేసికొనవలసిన ప్రశ్న ఇది: మనము చూడవలసినది ఎంత దూరమున ఉన్నది? దానికి సమాధానము దొరకిన పిదప పలుకును, అద్దమును, రంగును, బ్యాటరీని వరుసగా ఎన్నుకొనవచ్చును. ల్యూమెనుల అంకెను చివరకు చూచినను నష్టము లేదు.