కుక్క మాత్ర పిల్లికి సగం వేస్తే సరిపోతుందా? యాంటీబయాటిక్ మోతాదు లెక్క

ఈ ఎపిసోడ్‌లో కుక్కలకి, పిల్లులకి యాంటీబయాటిక్ మందులు ఎంత వాడాలి, ఎలా వాడాలి అనేది మాట్లాడుకుందాం. నేను పశువైద్యుణ్ణి, మాది పల్నాడు జిల్లా నడికుడి. మా వైపు గేదె మేత మానేస్తే వెంటనే డాక్టరు దగ్గరికి తోలుకొస్తారు. అదే కుక్కకో పిల్లికో ఒంట్లో బాగోకపోతే ముందు వెతికేది ఇంట్లో మిగిలిన మాత్రల షీటు.

ఒకావిడ తన పిల్లిని బుట్టలో పెట్టుకుని తెచ్చారు. గోడలకి, మంచం కాళ్లకి గుద్దుకుంటోందట. చూస్తే ఎండలో కూడా దాని కంటిపాపలు పూర్తిగా తెరుచుకునే ఉన్నాయి. "ఏమైనా మందు వేశారా అమ్మా?" అని అడిగాను. "పోయిన నెల మా లాబ్రడార్‌కి ఇచ్చిన మాత్రే కదా అని సగం చొప్పున మూడు రోజులు వేశానండి. కాలి పుండు మానుతుందని" అన్నారు.

ఆ మాత్ర ఎన్రోఫ్లాక్సాసిన్ 150 మిల్లీగ్రాములు. లెక్క చూడండి. లాబ్రడార్ 30 కిలోలు. కిలోకి 5 మిల్లీగ్రాముల చొప్పున 150 సరిపోయింది. పిల్లి 3 కిలోలు. పిల్లికి ఈ మందు రోజుకి కిలోకి 5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 15. సగం మాత్రలో ఉన్నది 75. ఆవిడ దృష్టిలో సగం తగ్గించారు, పిల్లి ఒంటికి అందింది అయిదు రెట్లు. ఈ మందు ఎక్కువైతే పిల్లి కంటి వెనకుండే రెటీనా దెబ్బతింటుంది. పోయిన చూపు చాలాసార్లు తిరిగి రాదు. ఈ పిల్లికీ రాలేదండి. మందు ఆపించాను, అంతకు మించి నేను చేయగలిగింది లేకపోయింది.

కాబట్టి మోతాదు అంటే మాత్రలో సగమా, పావా అని కాదు. ఏ జంతువు, ఎంత బరువు, ఏ జబ్బు, ఎన్ని రోజులు. ఈ నాలుగూ తెలియాలి. ఇదే మందు ఎదిగే కుక్కపిల్లల్లో కీళ్ల మృదులాస్థిని పాడు చేస్తుంది. అందుకే వయసు కూడా చెప్పాలి.

బరువు తెలుసుకోవడం కష్టమేం కాదు. మిర్చి టిక్కీలు తూచే ఊరు మనది, కాటాకి కొదవా? ముందు మీరు ఒక్కరే ఎక్కండి, తర్వాత కుక్కని ఎత్తుకుని ఎక్కండి. తేడానే దాని బరువు. పిల్లికైతే పెద్ద కాటా మీద లెక్క తప్పుతుంది. సంచిలో పెట్టి కిరాణా కొట్టు కాటా మీద తూచండి.

ఇక రెండో తప్పు, మధ్యలో ఆపేయడం. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరానికి డాక్సీసైక్లిన్ రాస్తాం. మామూలుగా 28 రోజులు వాడాలి. రెండు మూడు రోజులకే కుక్క లేచి అన్నం తింటుంది. "తగ్గిందిలే" అని ఆపేస్తారు. లోపల మిగిలిన క్రిమి మళ్లీ తలెత్తుతుంది, ఈసారి రక్తం తగ్గిపోయి వస్తుంది. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండు కలిపి వేయకండి.

పాలలో నలిపి పోయడం మన ఇళ్లలో అలవాటు. ఈ రెండు మందులూ పాలతో వద్దు, పాలలోని కాల్షియం మందుని సరిగా ఒంటికి పట్టనివ్వదు. అన్నం ముద్దలో పెట్టండి. పిల్లికి డాక్సీసైక్లిన్ మాత్ర పొడిగా మింగిస్తే ఆహారనాళంలో ఇరుక్కుని పుండు పడుతుంది. మాత్ర వేయగానే సూది తీసేసిన సిరంజితో 5, 6 మిల్లీలీటర్ల నీళ్లు మెల్లగా తాగించండి.

ఇంకొకటి. ప్రతి విరేచనానికీ, ప్రతి తుమ్ముకీ యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఇది బాక్టీరియా మీద పనిచేసే మందు, వైరస్ మీద కాదు. అనవసరంగా వాడితే మందుకి లొంగని బాక్టీరియా మిగులుతుంది. అదే కుక్క మన పిల్లల పక్కన పడుకుంటుంది, వాళ్ల చేతులు నాకుతుంది. ఆ బాక్టీరియా కుక్క నుంచి మనిషికీ, మనిషి నుంచి కుక్కకీ పాకుతుంది. అలాగని ఊరుకోమని కాదు. రక్తంతో విరేచనాలు, ఆగని వాంతులు, ఆయాసం ఉంటే అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

చివరిగా ఒక పని చెప్తాను. ఈ వీడియో అయ్యాక బీరువాలో మిగిలిన మాత్రల షీట్లు బయటికి తీయండి. పేరు, పవరు ఫోటో తీసుకోండి. అవి మాత్రం వేయకండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు బరువు, వయసు, ఇదివరకు వాడిన మందు, ఈ మూడూ చెప్పండి. ఆ పిల్లి ఇప్పటికీ బతికే ఉంది, మంచం కాళ్లు గుర్తుపట్టి తిరుగుతోంది. మీ ఇంట్లో పిల్లికి ఆ అవసరం రాకూడదనే ఇంతసేపు చెప్పాను.