రంగులకు సాక్షి

నేలలోంచి మరిగే నీళ్ళు తాటిచెట్టును మించిన ఎత్తుకు చిమ్ముతాయి. బురద కుతకుత ఉడుకుతుంది. లోయ గోడలకు ఎవరో పసుపూ కుంకుమా పులిమినట్లుంటుంది. ఇలాంటి చోటొకటి ఉందంటే మీరు నమ్ముతారా? 150 ఏళ్ళ క్రితం అమెరికాలో చాలామంది నమ్మలేదు. బొచ్చు జంతువుల వేటగాళ్ళు చెప్పిన ఈ వింతలను కోతలని కొట్టిపారేశారు. షొషోనీ, క్రో వంటి ఆదివాసీ తెగలకు ఆ ప్రాంతం తరతరాలుగా తెలుసు. కాని వాళ్ళను అడిగినదెవరు?

ఆ చోటు పేరు యెల్లోస్టోన్. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ హేడెన్ నాయకత్వాన ప్రభుత్వ పరిశోధక బృందం అక్కడికి బయలుదేరింది. అందులో థామస్ మొరాన్ అనే చిత్రకారుడు కూడా చేరాడు. 1837లో ఇంగ్లండులో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరినవాడు. అంతకు కొద్దికాలం ముందు ఒక పత్రిక కోసం, ఎన్నడూ చూడని యెల్లోస్టోన్ బొమ్మలను ఇతరుల గీతల ఆధారంగా గీశాడు. ఈసారి అప్పుచేసి మరీ వెళ్ళాడు. గుర్రపుస్వారీ అలవాటులేక జీను మీద దిండు వేసుకుని కూర్చునేవాడట!

బృందంలో విలియం జాక్సన్ అనే ఫొటోగ్రాఫరు కూడా ఉన్నాడు. బరువైన కెమెరా, గాజు పలకలు మోసుకుంటూ ఎన్నో ఫొటోలు తీశాడు. అయితే అవన్నీ నలుపు తెలుపులే. ఆ లోయలో అసలు వింత రంగుల్లోనే ఉంది. మొరాన్ పెన్సిలుతో గబగబా గీసి, నీటిరంగులు అద్ది, ఎక్కడ ఏ రంగో పక్కనే రాసుకునేవాడు.

ఇంతకూ ఆ రంగులెక్కడివి? పసుపు రాయి అనగానే మా తరగతి పిల్లలు "గంధకం, మాస్టారూ!" అని అరుస్తారు. తొందరపడకండి. ఆ లోయ గోడలు రయొలైట్ అనే అగ్నిపర్వత శిల. వేడినీరు, ఆవిరి వేల ఏళ్ళు అందులోకి ఇంకి రాతిని మార్చివేశాయి. పసుపు, నారింజ, ఎరుపు ఛాయలకు ముఖ్యకారణం అందులోని ఇనుము. తడిలో పడవేసిన మేకుకు పట్టే తుప్పును చూడండి, దానికి దగ్గర చుట్టమే.

వేడినీటి గుంటల సంగతి మరీ చిత్రం. లోతైన గుంట నడుమ నీలంగా ఉంటుంది. నీరు ఎరుపు కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది, మిగిలిన నీలం చెదిరి మన కంటికి చేరుతుంది. అంచుల్లో పసుపు, నారింజ వలయాలు రాళ్ళు కావు, సూక్ష్మజీవులు! బొప్పాయికి రంగునిచ్చే కెరొటినాయిడ్ల జాతి వర్ణకాలు వాటిలోనూ ఉంటాయి. ఏ వేడికి తట్టుకునే జీవి ఆ వలయంలో కాపురముంటుంది. మొరాన్‌కు ఈ సంగతి తెలియదు. తెలియకుండానే ప్రాణుల బొమ్మ గీశాడన్నమాట. 1966లో థామస్ బ్రాక్, ఆయన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్ అక్కడి బుగ్గలోంచి థెర్మస్ అక్వాటికస్ అనే బాక్టీరియాను సేకరించారు. దాని ఎంజైము వేడికి చెడిపోదు. అందువల్లనే డి.ఎన్.ఎ.కు లెక్కలేనన్ని నకళ్ళు తీసే పి.సి.ఆర్. పద్ధతి సులభమయింది.

మొరాన్ నీటిరంగుల చిత్రాలు, జాక్సన్ ఫొటోలు, హేడెన్ నివేదిక కలిసి అమెరికా కాంగ్రెసు సభ్యులకు నమ్మకం కలిగించాయి. 1872 మార్చి 1న అధ్యక్షుడు గ్రాంట్ సంతకంతో యెల్లోస్టోన్ జాతీయ వనమయింది. 7 అడుగుల ఎత్తు, 12 అడుగుల వెడల్పున్న తైలవర్ణ చిత్రమే ఈ చట్టాన్ని తెచ్చిందని కొందరు రాస్తుంటారు. అది సరికాదు, ఆ చిత్రం చట్టం వచ్చాకనే పూర్తయింది. దాన్ని ఆ ఏడాదే కాంగ్రెసు 10,000 డాలర్లకు కొన్నది.

ఆ చిత్రం ఉన్నదున్నట్లు తీసిన నకలు కాదు. వేర్వేరు చోట్ల కనిపించేవాటిని మొరాన్ ఒకే దృశ్యంలో కూర్చాడు. కాని ముందున్న రాళ్ళను మాత్రం, శాస్త్రజ్ఞుడు చూడగానే ఏ శిలో చెప్పగలిగేటంత జాగ్రత్తగా గీశాడు. నా మటుకు నాకు ఆ రాళ్ళంటేనే ఎక్కువ ఇష్టం. దూరాన 308 అడుగుల జలపాతం తెల్లని దారంలా, గట్టు మీద మనుషులు చీమల్లా కనిపిస్తారు.

ఆ యాత్ర తరువాత మొరాన్ తన సంతకంలో రెండు పొడి అక్షరాల నడుమ 'వై' చేర్చుకున్నాడు. వై అంటే యెల్లోస్టోన్.