కారు ఆగిపోయిన రాత్రి, ఆ తరువాతి లెక్క

చదువరులలో కారు ఉన్నవారు కొద్దిమందే కావచ్చు. అయినను మోటారు సైకిలైనా, ఆటో అయినా, కొబ్బరికాయలు తోలే ట్రాక్టరైనా బ్యాటరీ మీద ఆధారపడినదే గనుక, మాకు జరిగినది మీలో ఎవరికైనా పనికి రావచ్చునని ఇది వ్రాస్తున్నాము. ఇందులో మా తెలివితక్కువతనం కూడ ఉన్నది. దానిని దాచకుండా వ్రాస్తేనే పంపమని మా శ్రీమతి షరతు పెట్టినది.

2024 డిసెంబరు రెండవ వారము. క్యారల్స్ రోజులు. మాకున్నది పాత చిన్న పెట్రోలు కారు, మూడవ చేతిగా కొన్నది. క్యారల్స్ వచ్చినవంటే దాని పైకప్పు మీద గొట్టం మైకు, ముందు కాగితపు నక్షత్రం, దానిలో దీపాలు, వెనుక సీటులో యాంప్లిఫయర్. యౌవనస్థులు మోటారు సైకిళ్ళ మీద వెంట వస్తారు. ఆ గురువారం నగరం, పాశర్లపూడి ప్రక్క ఇళ్ళు ముగించుకొని రాజోలు వైపు తిరిగేసరికి రాత్రి పదకొండు దాటినది.

చివరి ఇంటి దగ్గరనే మైకు గొంతు సన్నగిల్లినది. పిల్లలు అరిచి అరిచి అలసిపోయారేమో అనుకున్నాము. దారిలో హెడ్‌లైట్లు ఒకసారి వెలిగి, ఒకసారి మసకబారి, ఊపిరి తీసినట్లుగా ఆడుచున్నవి. డాష్‌బోర్డు మీద ఎర్రని బ్యాటరీ గుర్తు, దాని ప్రక్కన ఇంజను గుర్తు. ఒక మలుపులో గేదెలు అడ్డం వస్తే వేగం తగ్గించాము. అంతే, ఇంజను ఆగిపోయినది. తాళం త్రిప్పితే 'టక్' మన్న శబ్దం తప్ప మరేమీ లేదు.

పాశర్లపూడి అనగానే పెద్దవారికి 1995 జనవరి జ్ఞాపకం రాకమానదు. అక్కడ ఓ.ఎన్.జి.సి. బావి అంటుకొని 65 రోజులు మండినది. ఆ మంట వెలుగు చాలా దూరానికి కనబడేది. రెండు నెలలు రాత్రి అన్నది ఎరుగని ఆ నేల మీద ఆ రాత్రి మేము సెల్‌ఫోను దీపంతో బోనెట్ ఎత్తి నిలబడినాము.

మాతో వచ్చిన సంఘపెద్ద ఒకాయన పూర్వం అంబాసిడర్ టాక్సీ నడిపినవారు. "త్రోసి స్టార్టు చేద్దామండయ్యగారూ. ఆడిన తర్వాత బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి చూద్దాం. ఇంజను ఆగకపోతే డైనమో బాగున్నట్టేనండి" అన్నారు. అందరూ త్రోశారు. ఇంజను అందుకున్నది. ఆయన స్పానరు తీసుకొని క్లాంపు దగ్గర చేయి పెట్టేలోగా అదే ఆగిపోయినది. అప్పుడు నిరాశపడినాము గాని, తర్వాత తెలిసినదేమనగా, అది మా అదృష్టము. పాత డైనమో బండ్లకు ఆ పరీక్ష చెల్లినది. ఇప్పటి కార్లలో ఇంజను ఆడుచుండగా బ్యాటరీ విడదీస్తే ఆల్టర్నేటర్ వోల్టేజీ ఒక్కసారి ఎగదన్ని, ఇంజనును నడిపే చిన్న కంప్యూటరు, అనగా ఈసీఎం, కాలిపోవచ్చు. పది వేలకు పైబడిన వస్తువు అరనిముషంలో పోయేది. అనుభవం గల పెద్దల మాట వినవలసినదే, అయితే ఏ బండి మీద వచ్చిన అనుభవమో కూడ అడగవలెను.

శుక్రవారం తాడు కట్టి కారును పట్టణంలోని ఒక షెడ్డుకు లాగించాము. పన్నెండు వందలు. శనివారం వారు చీటీ ఇచ్చారు: ఆల్టర్నేటర్ 9,500, ఈసీఎం 17,000, బ్యాటరీ 4,500, కూలి 1,500. వెరసి 32,500 రూపాయలు. మా ఇంట అంత రొక్కం ఒకేసారి చూసి చాలా కాలమైనది. అమ్మాయి కాలేజీ ఫీజుకని విడిగా ఉంచిన ముప్పది వేలు మాత్రమున్నవి. ఆ రాత్రి మా శ్రీమతి మారు మాటాడకుండా తన గాజులు రెండు బల్లమీద పెట్టినది. మేము వాటిని తీసుకోలేదు, తిరిగి ఇవ్వనూ లేదు. తెల్లవార్లూ అవి బల్లమీదనే ఉన్నవి.

ఆదివారం సంగతి సంఘములో చెప్పాము. ఎవరినీ అడగలేదు, కాని చెప్పడమే అడగడమని మీకు తెలుసు. సాయంకాలానికి 14,350 రూపాయలు పోగైనవి. కొబ్బరిపీచు తాళ్ళు పేనుకొని బ్రతికే ఒక వృద్ధురాలు కూడ రెండు వందలు తెచ్చి ఇచ్చినది.

సోమవారం ఆటో నడిపే తమ్ముడొకడు వచ్చి, "డబ్బు కట్టకండయ్యగారూ. ముందు మా కుర్రోడికి చూపిద్దామండి. రోడ్డు ప్రక్క చిన్న షెడ్డేగాని, మీటరు పెట్టకుండా చెయ్యి వెయ్యడండి" అన్నాడు. షెడ్డువారికి చూసిన కూలి ఐదు వందలిచ్చి, మరల ఎనిమిది వందలు పెట్టి కారును లాగించాము.

ఆ ఆటో ఎలక్ట్రీషియనుకు ముప్పై ఏళ్ళుండవచ్చు. అతడు చేసిన పని కొంచెం వివరంగా చెబుతాము, ఖర్చు మిగిలినది అక్కడనే గనుక.

మొదట ఏ సామానూ విప్పలేదు. మీటరు పెట్టి బ్యాటరీ వోల్టేజీ చూశాడు. నిండుగా చార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ, బండి ఆగి ఉన్నప్పుడు సుమారు 12.6 చూపవలెను. 12.2 చూపితే సగం ఖాళీ. 12 కన్న తగ్గితే దాదాపు వట్టిది. మాది 10.8 చూపినది. "ఇలాంటి బ్యాటరీతో ఏ పరీక్ష చేసినా అబద్ధమే చెబుతుందండి" అని దానిని రాత్రంతా చార్జికి పెట్టాడు. వోల్టేజీ పడిపోయినప్పుడు కారులోని కంప్యూటరు లేని తప్పులెన్నో ఉన్నట్లు వ్రాసుకుంటుందట. ఆ తప్పులను చదివే ఈసీఎం పోయినదని చీటీ వ్రాసి ఉండవచ్చు. మొదటి షెడ్డువారు మోసం చేశారని మేము అనము. కొలవకుండా మార్చడం ఈనాడు అలవాటైపోయినది, అంతే.

మరునాడు చార్జి అయిన బ్యాటరీ బిగించి, మీటరు ఒక వైరు బ్యాటరీ నెగెటివ్ మీద, రెండవది ఇంజను మీద పెట్టి, మమ్మును సెల్ఫ్ కొట్టమన్నాడు. అక్కడ అర వోల్టు కూడ ఉండరాదు. మూడు వోల్టులు చూపినది. అనగా బ్యాటరీ ఇచ్చే శక్తిలో నాలుగవ వంతు ఎర్త్ దారిలోనే ఎక్కడో కాలిపోతున్నది. అతడు ఎర్త్ వైరు కారు బాడీకి బిగించిన బోల్టు విప్పాడు. క్రింద పచ్చని చిలుము. ఆ చిలుములో రెండు వైర్లున్నవి. ఒకటి కారుతో వచ్చినది, రెండవది సన్నని నల్లవైరు.

"అయ్యగారూ, ఈ నల్లవైరు ఎవరు కలిపారండీ?"

"ఎప్పుడో ఎవరో కలిపి ఉంటారు బాబూ."

"ఎవరోగాని పని తెలీనోళ్ళండి. రంగు గీకలేదు, బోల్టు బిగించలేదు, ప్లస్‌ వైపు ఫ్యూజు లేదు. అంటుకోలేదంటే మీరు పుణ్యాత్ములండి."

ఆ నల్లవైరు మా యాంప్లిఫయర్‌ది. దానిని క్రిందటి సంవత్సరం క్యారల్స్‌కు ముందు మా చేతులతో మేమే కలిపినాము. ఎలక్ట్రీషియనుకు మూడు వందలు ఇవ్వడమెందుకని!

మరుసటి అరగంట అతడు వేడినీళ్ళలో వంటసోడా కలిపి చిలుము కడిగి, గరుకు కాగితంతో రుద్ది, క్రొత్త రాగి ఎర్త్ పట్టీ వేశాడు. ఇంజను ఆడించి ఆల్టర్నేటర్ చూస్తే 14.1 వోల్టులు. ఇది 13.8కిని 14.4కిని మధ్య ఉంటే మంచిదే. తొమ్మిదిన్నర వేల ఆల్టర్నేటర్‌కు ఏ జబ్బూ లేదు. ఈసీఎం కూడ క్షేమము. ఎర్త్ పట్టీ 350, ఫ్యూజు హోల్డర్లు రెండు 160, చార్జింగు 100, కూలి 600. మొత్తం 1,210 రూపాయలు. బ్యాటరీ మాత్రం దెబ్బతిన్నదనీ, ఎక్కువ కాలం రాదనీ ముందే చెప్పాడు. అలాగే ఫిబ్రవరిలో పోయినది. క్రొత్తదానికి 4,300 అయినది. వట్టిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపలి సీసపు పలకలు గట్టిపడి మరల పూర్తిగా కోలుకోవు.

అతడు సంచి వెనుక పెన్సిలుతో వేసి చూపిన లెక్క ఇది. మైకు, నక్షత్రం, అదనపు లైట్లు కలిపి సుమారు 250 వాట్లు. పన్నెండుతో భాగిస్తే 21 ఆంపియర్లు. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్-అవర్. ఇంజను ఆపి ప్రతి ఇంటి ముందు ఇరవై నిమిషాలు పాడితే, నాలుగైదు ఇళ్ళకే అది ఖాళీ. ఇంజను ఆడించినా, నిలబడి ఉన్న బండిలో ఆల్టర్నేటర్ ఇచ్చేది తక్కువ. దారిలో చిలుము కూడ ఉంటే చెప్పనక్కరలేదు. ఇప్పుడు మైకుకు వేరే బ్యాటరీ పెట్టుకున్నాము, దానిని ఇంటి దగ్గర చార్జి చేస్తాము.

కోనసీమలో ఉన్నవారు ఈ చిలుము మాట తేలికగా తీసుకోకండి. సముద్రపు ఉప్పుగాలి, కాలువల తేమ మనకు ఏడాది పొడుగునా ఉన్నవే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలలో నీటిలో నిలిచిన బండ్లున్నవి. అట్టివి ఆరబెట్టగానే ఆడవచ్చు, కాని వైర్ల జాయింట్లలో చేరిన తేమ నెలల తర్వాత పని చెబుతుంది. అట్టి పాత బండి కొనేవారు సీటు క్రింద, కాళ్ళ చాప క్రింద బురద మరకలున్నవేమో చూచుకొనవలెను. ఫ్యూజు పోతే అదే అంకె గలది వేయండి. పది ఎరుపు, పదిహేను నీలం, ఇరవై పసుపు. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టి వేసినవారిని మేము ఎరుగుదుము. అప్పుడు ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది.

ఇన్సూరెన్సు ఇస్తుంది కదా అని కొందరు అడిగారు. ఇవ్వదు. ఫుల్ పాలసీలో కూడ, ప్రమాదం లేకుండా దానంతటది వచ్చే ఎలక్ట్రికల్ చెడుపు, అరుగుదల మినహాయింపులలో వ్రాసి ఉంటవి. ప్రమాదంలో బ్యాటరీ పోయినా సగం విలువే లెక్కిస్తారు. గనుక పని మొదలు పెట్టక మునుపే చీటీ వ్రాయించుకొని, మార్చిన పాత సామాను తిరిగి ఇమ్మని, బిల్లు ఇమ్మని అడగండి. అన్యాయమనిపిస్తే 1915 నంబరుకు ఫోను చేసి వినియోగదారుల ఫిర్యాదు చెప్పవచ్చు. మాకు అంతదాకా రాలేదు, మా మీద మేమే ఫిర్యాదు చేసుకోవలసినది గనుక.

ఇక ఆ 14,350 రూపాయల సంగతి. బుధవారం కారు ఇంటికి వచ్చినది. మా శ్రీమతి సంతోషించి, గాజులు తొడుగుకొని, "ఆ అబ్బాయికి వైరు మీరే కలిపారని చెప్పారా?" అని అడిగినది. లేదన్నాము. "సంఘానికి చెబుతారా?" అన్నది. మిగిలిన డబ్బు బ్యాటరీకి ఉంచుకుందామనీ, వైరు సంగతి ఎవరికి కావాలనీ మాలో మేము అనుకుంటున్న మాట నిజము. గురువారం మొదలు శనివారం దాకా మా ఇంట భోజనం వేళ మాటలు తక్కువగా నడిచినవి.

శనివారం సాయంకాలం ముందుగా ఆ ఎలక్ట్రీషియను దగ్గరకు వెళ్ళి చెప్పాము. అతడు నవ్వి, "ఆయ్, ఆ రోజే తెలిసిందండి" అన్నాడు. ఆదివారం ఆరాధన అయిన తరువాత లెక్క చదివాము: లాగించినది రెండు వేలు, షెడ్డు కూలి ఐదు వందలు, రిపేరు 1,210, మొత్తం 3,710. చెడగొట్టినది మేమే, గనుక ఇది మా జీతంలో నుండి పోవునని చెప్పి, ఎవరి డబ్బు వారు తీసుకొనవలెనని కవర్లు బల్లమీద పెట్టాము. అంబాసిడర్ పెద్దాయన లేచి, మైకు సంఘముది గనుక సగం సంఘము మీద వేయమన్నారు. కొంత వాదన జరిగి అలాగే తీర్మానమైనది. చాలామంది కవర్లు ముట్టలేదు. అవి బ్యాటరీ ఖాతాకు పోయినవి.

తాళ్ళు పేనే అవ్వ మాత్రం బల్ల దగ్గరకు వచ్చి తన రెండు వందలు అడిగి తీసుకున్నది. లెక్కపెట్టుకొని కొంగున ముడి వేసుకుంటూ, "మనవడికి పరీచ్చ ఫీజు కట్టాలండయ్యగారూ. ఈసారి మా వీధికొచ్చినప్పుడు మైకు తేకండి, ఉత్తినే పాడండి. చెవులు గింగుర్లెత్తిపోతన్నాయండి" అన్నది.